తెలుగు సైటులో కేటగిరీలు, ట్యాగులు: చిక్కంతా వర్ణక్రమం దగ్గరే

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది వెబ్ పత్రికలు నడిపేవాళ్లే కాబట్టి నేరుగా వర్డ్‌ప్రెస్‌లోకి, అంటే సైటు నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్దాం.

కేటగిరీ అంటే రచన ఉండే చోటు. కథలు, కవితలు, వ్యాసాలు, సమీక్షలు... ఇలా ఆరేడు చాలు. ఒక్కో రచనకు ఒక్కటే ఇవ్వండి. ఆ రచన దేని గురించో చెప్పేది ట్యాగ్. 1986 గోదావరి వరద మీద వ్యాసం వచ్చిందనుకోండి. కేటగిరీ 'వ్యాసాలు'. ట్యాగులు 'గోదావరి', 'వరదలు', 'భద్రాచలం', 'ధవళేశ్వరం'. మళ్లీ 'వ్యాసం' అని ట్యాగ్ తగిలిస్తే ఒకే జాబితాకు రెండు పేజీలు తయారవుతాయి. 'నీరు', 'ప్రజలు' లాంటివి వెతుక్కునేవాడికి ఎందుకూ పనికిరావు.

అసలు తంటా ఆ నాలుగో ట్యాగ్‌తోనే. ఒకరు 'ధవళేశ్వరం' అంటారు, ఇంకొకరు ఒత్తు తీసేసి 'దవళేశ్వరం' అని కొడతారు, మరొకరు 'దౌలేశ్వరం' అంటారు. ఒకే ఊరి వ్యాసాలు మూడు పేజీల్లోకి చెదిరిపోతాయి. దీనికి మందు ఒక్కటే: ఆమోదించిన ట్యాగుల పట్టిక ఒకటి రాసి సంపాదకులందరికీ ఇవ్వాలి. ఏకవచనమా బహువచనమా, పూర్తి పేరా ఇంటిపేరా అన్నదీ అందులోనే తేల్చేయాలి. ట్యాగ్ పెట్టేటప్పుడు మొదటి రెండు అక్షరాలు కొట్టి, కింద వచ్చే సూచనల్లోంచే ఎంచుకోండి. పొల్లుతో ముగిసే 'బ్యారేజ్' లాంటి మాటల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. కొన్ని కీబోర్డులు చివర కంటికి కనబడని అక్షరం ఒకటి చేరుస్తాయి.

ఇక స్లగ్, అంటే పేజీ లింకులో చివర కనబడే పేరు. ఖాళీగా వదిలేస్తే ట్యాగ్ పేరే తెలుగులో స్లగ్ అవుతుంది. 'ధవళేశ్వరం'లో గుణింతం గుర్తు, పొల్లు, సున్నా కలిపి యూనికోడ్ (కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతి) లెక్కన 9 అక్షరాలు. ఒక్కోటి 3 బైట్లు, ఒక్కో బైటు లింకులో 3 గుర్తులు. అంటే ఊరిపేరు ఒక్కటే 81 గుర్తులు! స్లగ్‌కు ఉన్న చోటు 200 గుర్తులు, కాబట్టి సుమారు 22 అక్షరాలు దాటితే తోక తెగిపోతుంది. పేరు తెలుగులోనే ఉంచి, స్లగ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాయండి.

ఇప్పటికే చెదిరిపోయినవాటిని కలపాలంటే ట్యాగుల పేజీలో తప్పు ట్యాగ్ ఎదురుగా ఉన్న సంఖ్య నొక్కండి. వచ్చిన రచనలన్నీ ఎంచుకుని, బల్క్ ఎడిట్‌లో (అన్నిటినీ ఒకేసారి మార్చే చోట) సరైన ట్యాగ్ చేర్చండి. తెర మీద మామూలుగా 20 మాత్రమే కనబడతాయి, 'అన్నీ' అంటే ఆ 20 మాత్రమే. పేజీ పైన ఉండే స్క్రీన్ ఆప్షన్స్‌లో ఆ సంఖ్య ముందే పెంచుకోండి. లేకపోతే పాత ట్యాగ్ తీసేశాక మిగిలిన రచనలు పాత ట్యాగూ కొత్త ట్యాగూ రెండూ లేకుండా పోతాయి. అన్నిటికీ చేర్చాక తప్పు ట్యాగ్ తీసేసి, దాని పేజీ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టండి. కేటగిరీ తీసేస్తే మాత్రం, వేరే కేటగిరీ లేని రచనలన్నీ డిఫాల్ట్ కేటగిరీలోకి (ఏదీ ఎంచుకోనప్పుడు వర్డ్‌ప్రెస్ తనంతట ఇచ్చేదానిలోకి) వెళ్లిపడతాయి. అందుకే ముందు వాటిని తరలించి, తర్వాతే డిలీట్ నొక్కండి.