రంగు పోయింది సరే, విషం పోయిందా?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలచుకోవడం మర్యాదే గానీ, టైము తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మన్నించండి.

మనలో చాలామంది బెంగళూరులో బెళ్లందూరు, వర్తూరు చెరువుల వైపు కాపురాలున్నవాళ్లే. చెరువు నురగ రోడ్డు మీదికి ఎగిరి రావడం చూశాం. 2018 జనవరిలో బెళ్లందూరు చెరువులో మంటలు లేవడమూ చూశాం.

ఆ చెరువుల్లో చేరే మురుగును ఎండతో బాగుచేయొచ్చా? కొంతవరకు చేయొచ్చు. గోడల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ తీసుకోండి. దాని మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని 1972లో ఫుజిషిమా, హోండా అనే జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. వెలుగు తగిలి ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను, అంటే ఎదురైనదాన్ని విరగ్గొట్టే మహా చురుకైన కణాన్ని, పుట్టిస్తుంది. అద్దకం రంగులు, మందుల అవశేషాలు, పురుగుమందులు చాలావరకు దాని దెబ్బకు విరిగిపోతాయి. ఆ పొడి నానో సైజులో, అంటే కంటికి కనబడనంత సన్నటి రేణువులుగా, ఉంటే ఉపరితలం పెరిగి పని జోరుగా సాగుతుంది. చిక్కేమిటంటే దానికి అతినీలలోహిత కాంతే కావాలి, మన ఎండలో అది నూటికి అయిదు పాళ్లే. అందుకే బిస్మత్ వనడేట్ వంటి, మామూలు వెలుగునూ పట్టే ఆక్సైడ్ల కోసం ఇంత వెతుకులాట.

ఇక నన్ను బాధపెట్టే సంగతి. ఆమధ్య ఒక కాలేజీ ప్రదర్శనకు పిలిచారు. మేడ మీద ఎండలో బీకరు, అందులో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు, చిటికెడు టైటానియం డయాక్సైడ్ తెల్లపొడి, అడుగున అయస్కాంతపు కడ్డీ గిర్రున తిరుగుతోంది. మధ్యాహ్నానికి నీలం పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"పొడి వేయకుండా ఇంకో బీకరు పెట్టారామ్మా?" అన్నాను.

"లేదు సార్."

"కార్బన్ ఎంత మిగిలిందో కొలిచారా?"

"రంగు పోయింది కదా సార్!"

ఆ పిల్లది తప్పు కాదు. అలా నేర్పింది మనమే. మిథిలీన్ బ్లూ ఎండకు తనంతట తానే కొంత వెలిసిపోతుంది. రంగు పోయినా విరిగిన ముక్కలు నీళ్లలోనే ఉండొచ్చు. ఆ ముక్కల్లో ఉండే కార్బన్‌ను, అంటే మొత్తం సేంద్రియ కార్బన్‌ను, కొలవకుండా శుద్ధి అయిందని ఎలా అంటాం? చెప్పండి, ఎలా అంటాం?

మాది కోలారు జిల్లా. 2018 నుంచి బెంగళూరు మురుగునీరే శుద్ధిచేసి మా చెరువులకు పంపుతున్నారు. బోర్లు ఎండిన ఊళ్లకు అది ప్రాణం పోసింది, కాదనను. కానీ శుద్ధి సూక్ష్మజీవులతో మురికిని తినిపించే రెండో దశతోనే ఆపారు, అక్కడ మిగిలిపోయినవాటిని తీసే మూడో దశ కావాలని రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. మా తమ్ముడు బోరు నీళ్లు గ్లాసులో పట్టి, "అన్నా, తేటగానే ఉన్నాయి, పిల్లలకు పోయొచ్చా?" అన్నాడు. రంగు చూసి జవాబు చెప్పమంటారా నన్ను?

పాఠాలు చెప్పేవాళ్లకు, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లకు దండం పెట్టి అడుగుతున్నా. ఎవరైనా తేటనీళ్లు చూపిస్తే నిలదీయండి. అసలు మురుగుతో చేశారా, డిస్టిల్డ్ వాటర్‌లో రంగు కలిపి చేశారా? మురుగులోని బైకార్బనేట్లు అనే లవణాలు ఆ రాడికల్స్‌ను మధ్యలోనే మింగేస్తాయి. వాడిన నానో పొడిని తిరిగి ఎలా పడతారు, చెరువులోకే వదిలేస్తారా? చెరువులో నాచును పెంచే ఫాస్ఫేట్‌ను ఈ పద్ధతి తీయదు, దానికి వేరే దారి చూడాలి.

కార్బన్ కొలిచే యంత్రం అందుబాటులో ఉన్నవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. మా ఊరి చెరువు నీళ్లు, బోరు నీళ్లు రెండూ నేనే పట్టి తెస్తాను.