మార్కులు ఒకచోట, మక్కువ మరొకచోట

సభకు నమస్కారం. సెలవు రోజైనా పరకాల, ములుగు, జనగామల నుంచి హనుమకొండ దాకా వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు ప్రత్యేక ధన్యవాదాలు.

తెలివైన పిల్లలు ఏ దేశంలో పుట్టినా ఒకే ఉత్సాహంతో చదువుతారన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అంతర్జాతీయ సర్వేలు వేరే మాట చెబుతున్నాయి. పలు దేశాల పిల్లలకు గణితం, సైన్సుల్లో పెట్టే టిమ్స్ అనే పరీక్షలో, 2019లో ఎనిమిదో తరగతి గణితంలో దక్షిణ కొరియా సగటు 607, అమెరికా సగటు 515. అయితే కొరియా పిల్లల్లో సగానికి పైగా గణితమంటే తమకు ఇష్టం లేదన్నారు. తమ శక్తి మీద ధీమా మాత్రం అమెరికా పిల్లలకే ఎక్కువ. ఇవి విద్యార్థులందరి లెక్కలే, కాదనను, కానీ ప్రతిభావంతులు పెరిగేదీ ఆ వాతావరణంలోనే కదా.

1980లలో అమెరికా మనస్తత్వవేత్త హెరాల్డ్ స్టీవెన్‌సన్ బృందం జపాన్‌లోని సెండాయ్, తైవాన్‌లోని తైపే, అమెరికాలోని మినియాపొలిస్ నగరాల తల్లులను ప్రశ్నించినప్పుడు, ఆసియా తల్లులు పిల్లల విజయానికి కృషే కారణమని గట్టిగా చెప్పగా, అమెరికా తల్లులు పుట్టుకతో వచ్చిన తెలివికి వారికన్నా ఎక్కువ విలువ ఇచ్చారు. ఈ తేడా చిన్నది కాదు. 'నువ్వు తెలివైనదానివి' అని పొగిడించుకున్న పిల్లలు ఆ పేరు పోతుందేమోనన్న బెరుకుతో ఎక్కువగా తేలిక సమస్యలనే ఎంచుకుంటారని మనస్తత్వవేత్తలు కరోల్ డ్వెక్, క్లాడియా మ్యూలర్ 1998లో ప్రయోగపూర్వకంగా చూపారు.

ప్రతిభావంతుల ఎంపిక విషయంలోనూ దేశానికో దారి. సింగపూర్ 1984 నుంచి తొమ్మిదేళ్ల వయసులోనే పిల్లలను పరీక్షించి వేరే తరగతులకు పంపింది. ఆ పద్ధతిని మార్చి, ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ అటువంటి బోధన ఏర్పాటు చేస్తామని 2024లో ప్రకటించింది. ఫిన్లాండ్‌లో చదువు మొదలయ్యేదే ఏడో ఏట.

మన దగ్గర ఐదో తరగతిలోనే నవోదయ పరీక్ష, ఆపైన ఫౌండేషన్ కోర్సులు. ఎంపిక మీద చూపే శ్రద్ధ ఎంపికైన తర్వాత చూపడం లేదన్నది నా ఫిర్యాదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సమీకరణాన్ని రెండే వరుసల్లో, తనకు తోచిన పద్ధతిలో సాధిస్తే, జవాబు సరైనదైనా స్టెప్ మార్కులు పోతాయి. తర్వాతి పరీక్షలో ఆమె గైడులో ఉన్నట్టే ఆరు వరుసలు రాస్తుంది. మార్కులు పెరుగుతాయి, మక్కువ తగ్గుతుంది. కొరియాలో పెద్దయెత్తున జరిగింది మన తరగతి గదిలో ఇలాగే మొదలవుతుందని నా అనుమానం.

అందుకే స్లిప్ టెస్టులో ఒక్క ప్రశ్ననైనా స్టెప్ మార్కులు లేకుండా, ఏ పద్ధతిలో చేసినా ఒప్పుకొనేలా పెట్టి, 'ఇది నీకెలా తట్టింది?' అని అడిగి చూడమని మనవి. దీనికి ఏ జీవో అక్కరలేదు.