సీలు ఎవరి చేతిలో ఉంది?

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చెప్పి దండం పెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఆరు అక్కడే అయిపోతాయి. అందరికీ కలిపి ఒకటే దండం. శాలువా వద్దని ముందే చెప్పాను, అయినా తెచ్చినట్టున్నారు. కొమ్ముతో చేసిన ఆ కొంగబొమ్మ మాత్రం పట్టుకెళ్తాను, మా మనవరాలికి మాటిచ్చాను.

ఆగస్టు 29న ఈ ఊళ్లో నిలబడి తెలుగులో మాట్లాడుతూ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకపోతే తప్పు. ఇక్కడే పాఠాలు చెప్పారు. కొండలెక్కి సవర భాష నేర్చుకున్నారు. మలేరియాకి క్వినైన్ మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. జనం మాట్లాడే భాషలోనే రాయండని ఆయన కొట్లాడింది నాలాంటి క్రైం నవలల వాడి కోసం కాదనుకోండి. లాభపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. గ్రాంథికంలో హంతకుణ్ణి తరమడం చాలా కష్టం.

నాకిచ్చిన అంశం ‘థ్రిల్లర్ రచన, జీవితానుభవం’. కాగితం మీద నాలుగు పేజీలు రాసుకొచ్చాను. ఎంతవరకు చదువుతానో చూద్దాం.

నాకు ఈ పిచ్చి పట్టించింది మన చిన్న బండి. కుర్రాళ్లకి తెలీదు, 2004లో ఆగిపోయింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు, నౌపడా నుంచి గుణుపురం దాకా. 1900లో మన రాజావారి చలవ వల్ల మన ఊరిదాకా వచ్చిన లైను, గుణుపురం దాకా తర్వాత పొడిగించారు. ఆ బండిలోనే మాకు తెలుగు వారపత్రికలు వచ్చేవి. ఒక కాపీ మూడిళ్లు తిరిగేది. మా వంతు ఆఖరు. సీరియల్ పేజీ చిరిగిపోయిన వారం హంతకుడెవరో నేనే ఊహించుకోవాల్సి వచ్చేది. ఒక్కోసారి నా ఊహే బాగుండేది. నవ్వకండి, నిజం.

ఇప్పుడు నది దాటితే పాతపట్నం, అవతల అంతా తెలుగే. అయినా ఇక్కడ ఒక తెలుగు పుస్తకం కొనాలంటే బస్సెక్కాలి. పిల్లలకి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. ఈ గోడు మొదలుపెడితే తెల్లారిపోతుంది. వదిలేస్తున్నాను.

మొదట్లో నేను రాసినవి మా ఆవిడ తప్ప ఎవరూ చదవలేదు. హీరోకి నల్లటి ఓవర్‌కోటు, నోట్లో పైపు. చదివి అడిగింది, "ఈ కోటాయన ఎవరండీ? మనవైపు వానొస్తే గొడుగేస్తారు కదా" అని. కాగితాలు పొయ్యిలో పెట్టాను. తర్వాత తెలిసింది, అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసిందని. ఆమె విషాలన్నీ ఆ అలమరాల్లోంచి వచ్చినవే. డిక్ ఫ్రాన్సిస్ గుర్రపు రౌతు. 1956లో ఇంగ్లండులో పెద్ద పందెం దాదాపు గెలిచేశాడు. గీతకి కొద్ది గజాల ముందు గుర్రం ఉన్నట్టుండి చతికిలపడింది. ఎందుకు పడిందో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. ఆయన తర్వాత పందాల మీదే థ్రిల్లర్లు రాసి బతికాడు. మరి నాకేం తెలుసు? రైల్వే టికెట్లు తెలుసు.

అప్పట్లో టికెట్టంటే అట్టముక్క. తేదీ మిషన్లో పెట్టి లాగితే టక్కుమనేది. పొద్దున మొదటి నంబరు, రాత్రి ఆఖరి నంబరు పుస్తకంలో ఎక్కించి, మధ్యలో ఎన్ని అమ్ముడయ్యాయో లెక్కేస్తే ఎంత డబ్బుండాలో తేలుతుంది. ఆ డబ్బు తోలుసంచిలో వేసి, చీటీ పెట్టి, మూతి కట్టి, లక్క కరిగించి, ఇత్తడి సీలు నొక్కుతారు. గార్డు బోగీలో ఇనప పెట్టె ఉంటుంది. సంచి దాని కన్నంలోంచి లోపలికి జారవిడవడమే, మళ్లీ బయటికి తీయడం స్టేషనువాడి తరం కాదు. గార్డు సంతకం పెడతాడు. క్యాష్ ఆఫీసులో తెరుస్తారు. సీలు చెక్కుచెదరలేదు, లోపల డబ్బు తక్కువ. ఇంతకంటే మంచి థ్రిల్లర్ ఎక్కడుంది చెప్పండి!

నా మొదటి నవల ఇదే. మీలో కొందరు చదివారు. సంచిలో వెయ్యి రూపాయలు తగ్గడం, గార్డు మీద అనుమానం, చివరికి దొంగ స్టేషన్లో అందరూ గౌరవించే సీనియర్ క్లర్కే అని తేలడం. ‘ఇది నిజంగా జరిగిందా మాస్టారూ’ అని ప్రతి సభలోనూ అడుగుతారు. ఔను, నా అనుభవమే అని చెబుతూ వచ్చాను. చప్పట్లు కొడతారు.

రాసుకొచ్చిన పేజీల్లో దీని తర్వాత ‘సస్పెన్స్ నిలపడం ఎలా’ అని ఉంది. అది ఇంకోసారి.

1983. ఏ స్టేషనో చెప్పను. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. రథయాత్ర రోజు, కిటికీ ముందు జనం తోసుకుంటున్నారు. సాయంత్రం నా సీనియర్ ఇంటి నుంచి కబురొచ్చింది, భార్యకి ఒంట్లో బాగోలేదని. సీలు ఆయన చేతిలోంచి కదలకూడదు, అది రూలు. "నువ్వున్నావు కదరా బాబూ" అని నా చేతిలో పెట్టి, పుస్తకంలో ముందే సంతకం చేసి వెళ్లిపోయారు. లెక్కపెడుతుండగా కరెంటు పోయింది. లాంతరు వెలిగించాను. ఎవరో తలుపు తోస్తే భయపడి ఒక పదుల కట్ట సొరుగులోకి తోశాను. బండి కూత వినబడింది. టికెట్ల నంబర్లు చూసి చీటీ రాసేశాను, డబ్బు రెండోసారి లెక్కపెట్టలేదు. లక్క, సీలు, సంచి, గార్డు సంతకం. అయిపోయింది.

సంతకం ఆయనది కాబట్టి సస్పెన్షన్ ఆయనకి. ఏడు నెలలు సగం జీతం. వెయ్యి రూపాయలు కట్టించుకున్నారు. తర్వాత బదిలీ చేశారు.

తొమ్మిదో రోజున ఆ కట్ట దొరికింది. సొరుగు వెనక చెక్కకీ గోడకీ మధ్య జారిపడి ఉంది, పక్కన బల్లి గుడ్లు. విచారణకి వచ్చినవాళ్లు సొరుగు లాగి చూశారు గానీ పూర్తిగా బయటికి తీయలేదు. నాకు ఉద్యోగం పోతుందని భయం. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు జరుగుతూ పోయింది. ఆ డబ్బు నేను దాచలేదు, పారేయలేదు. మా చెల్లి పెళ్లి బట్టలకి ఖర్చుపెట్టాను.

అధ్యక్షులవారు చీటీ పంపారు. చూశాను. జేబులో పెట్టుకుంటున్నాను, క్షమించాలి.

అనుభవం నుంచి రాశానంటాను. సంచి రాశాను, లక్క వాసన రాశాను, గార్డు మీసాలు కూడా రాశాను. సొరుగు రాయలేదు. పైగా ఆయన్ని దొంగని చేశాను. ఎందుకంటే పాఠకుడు అనుమానించని మనిషే దొంగ కావాలి కదా. అది థ్రిల్లర్ సూత్రం. దాని చాటున దాక్కోవడం నాకు చాలా సులువైంది. పేరు మార్చాను, పంచె బదులు ప్యాంటు తొడిగాను. గుర్తుపట్టేవాళ్లు గుర్తుపడతారు.

రెండేళ్ల కిందట ఒక రాత్రి ఫోనొచ్చింది. "నేనురా, గుర్తుపట్టావా?" అన్నారు. గొంతు వణుకుతోంది కానీ గుర్తుపట్టాను. ఎవరో పుస్తకం ఇచ్చారట, చదివారట. "బాగా రాశావు. సీలు సంగతి ఉన్నదున్నట్టు రాశావు. ఒక్కటే తప్పు. నీ నవల్లో ఆ గదిలో లైటు వెలుగుతోంది. ఆ రాత్రి కరెంటు పోయింది కదరా, లాంతరు నువ్వే కదా వెలిగించావు" అన్నారు. నేను మాట్లాడలేదు. పిల్లలు ఏం చేస్తున్నారని అడిగారు. చెప్పాను. ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. పెట్టేశారు.

కరెంటు పోయినప్పుడు ఆయన స్టేషన్లో లేరు. లాంతరు సంగతి ఆయనకెవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో నాకు తెలీదు. విచారణలో అది ఆయన నోట రాలేదు. ఒక్క మాట అని ఉంటే ఆ ఏడు నెలలు నావి అయ్యేవి.

మర్నాడు అదే నంబరుకి చేశాను. ఆయనది కాదట, పక్కింటి కుర్రాడిదట. వాళ్లు ఇల్లు మారిపోయారన్నాడు. ఇప్పుడా నంబరూ పనిచేయడం లేదు.

రెండో ముద్రణకి ప్రచురణకర్త తొందరపెడుతున్నాడు. లైటు ఆర్పేసి లాంతరు పెట్టి ఆఖరి రెండు అధ్యాయాలు కొత్తగా రాశాను. దొంగ మారాడు. అచ్చుకి వెళ్లేముందు ఆయన చూడాలి. ఆయన లేకపోతే వాళ్లబ్బాయైనా చూడాలి. అందుకే ఈ సభకి ఒప్పుకున్నాను. కాశీనగరం నుంచి, గుణుపురం నుంచి, టెక్కలి నుంచి వచ్చినవాళ్లున్నారు, పాత రైల్వే కుటుంబాలున్నాయి. 1983లో సస్పెండయిన ఒక బుకింగ్ క్లర్కు, రథయాత్ర నాడు, భార్యకి జబ్బు. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. పేరు మైకులో చెప్పను. ఎవరికైనా తెలిస్తే భోజనాల దగ్గర నా పక్కకొచ్చి కూర్చోండి. నేను ఆఖరి పంక్తి దాకా అక్కడే ఉంటాను.