నాన్న చేతిలో ఉగ్గుగిన్నె

నమస్కారం. మా ఇంట్లో అటక మీదున్న ఉగ్గుగిన్నె ఈమధ్య మళ్లీ కిందికి దిగింది. దించింది మా తమ్ముడు.

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. అల్లుడు శనివారం బస్సెక్కి వస్తాడు, బిడ్డను ఎత్తుకుంటాడు, ఏడవగానే ఎవరో ఒకరు అందుకుంటారు, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. మూడో నెలకో అయిదో నెలకో తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి తల్లికి అన్నీ వచ్చు, తండ్రికేమీ రాదు. మగవాళ్లకు చేతకాదు అనేస్తాం. చేతకాక కాదండీ, నేర్చుకునే రోజుల్లో అతను అక్కడ లేడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవుంది. మా తమ్ముడిది ప్రైవేటు ఉద్యోగం, అదీ లేదు. ఉన్న సెలవులన్నీ కలిపేసుకుని మూడు వారాలు అత్తగారింట్లోనే ఉండిపోయాడు.

రాత్రి మరదలు పాలిచ్చి పక్కకు వాలగానే వీడు లేచేవాడు. భుజాన మెత్తటి తువ్వాలు, దాని మీద పాప, వీపు మీద నెమ్మదిగా నిమురుతూ గదంతా తిరగడం. "మీకెందుకు బాబూ ఈ తిప్పలు, పడుకోండి" అని వాళ్లత్తగారు. "తేన్పు రానివ్వండి అత్తయ్యా, పడుకుంటాను" అని వీడు. పది నిమిషాలకో పావుగంటకో చిన్న తేన్పు. ఆ కాసేపూ మరదలు కంటినిండా నిద్రపోయేది. బాలింతకు అంతకన్నా ఏం కావాలి చెప్పండి!

ఆర్నెల్ల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. అయితే తల్లి పిండి ఉంచిన పాలు తండ్రి పట్టొచ్చు. ఒకరోజు మరదలు డాక్టరు దగ్గరికి వెళ్తే వీడు ఉగ్గుగిన్నెను నీళ్లలో మరిగించి, పాలు పొయ్యి మీద పెట్టకుండా వేన్నీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేసి, పాపను ఒళ్లో కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టుకున్నాడు. గిన్నె కొస కింది పెదవికి ఆనించి ఊరుకున్నాడు, పొయ్యలేదు. పాపే నాలుక చాపి అందుకుంది. సగం గడ్డం మీదికే కారాయి, అరగంట పట్టింది, టెన్షన్‌తో వీడి చొక్కా తడిసిపోయింది, అయినా గిన్నె ఖాళీ అయింది.

అమ్మమ్మలకూ నానమ్మలకూ ఒక్కటే చెప్తాను. ఇవాళ రాత్రి పాలు తాగడం అయ్యాక బిడ్డను తండ్రి భుజాన వెయ్యండి. కాస్త ఏడిస్తే ఏడవనివ్వండి. వెంటనే చేతులు చాచకండి.