జ్వరం దిగిందని ఊరుకోకండి

అందరికీ నమస్కారమండి. ఇంత వర్షంలో మనవల్ని చంకనేసుకుని వచ్చిన అమ్మమ్మలకీ నాయనమ్మలకీ మరీ మరీ నమస్కారం, ఎందుకంటే ఈరోజు నా మాటలు ముందు మీకోసమే.

పిల్లాడికి మలేరియా ముదిరాక ఆసుపత్రికి తెస్తే "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు" అని ఆడవాళ్ళని కసురుతుంటారు. నాకది అస్సలు నచ్చదు. ఆలస్యం చేసేది ప్రేమ లేక కాదండి. మన కోనసీమలో తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళుంటుంది, తండ్రి రొయ్యల చెరువు దగ్గర కాపలా, పిల్లాడు అమ్మమ్మ దగ్గర. రాత్రి ఒళ్ళు కాలిపోతుంది. ఆటో మాట్లాడాలంటే డబ్బు అల్లుణ్ణి అడగాలి, కూతురికి చెబితే అక్కడ టెన్షన్ పడుతుందని చెప్పదు. లంక ఊరైతే పంటు ఎక్కి గోదావరి దాటాలి, వరద వస్తే అదీ కట్టేస్తారు. పైగా ఊడ్పుల రోజులు, ఒక పూట మానితే కూలి పోతుంది. రేపు చూద్దాంలే అనుకుంటుంది పాపం.

ఆ రేపే మనల్ని మోసం చేస్తుంది. మెడికల్ షాపు నుంచి పారాసిటమాల్ సిరప్ తెచ్చి పోస్తాం, కాసేపటికి ఒళ్ళు చల్లబడి పిల్లాడు లేచి ఆడుకుంటాడు. మలేరియాలో వైవాక్స్ అనే రకమైతే చాలాసార్లు జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది, మధ్యరోజు బాగానే ఉంటాడు, దాంతో దిష్టి తీస్తే తగ్గిపోయిందనుకుంటాం. దిష్టి తీయొద్దని నేననను, తీసేసి వెంటనే బయల్దేరండి. సిరప్ వేడిని దించుతుంది గానీ రక్తంలో ఉన్న మలేరియా క్రిమిని ఏమీ చేయదు. ఫాల్సిపారమ్ అనే ఇంకో రకమైతే అయిదేళ్ళలోపు పిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్, స్పృహ తప్పడం దాకా వెళ్ళొచ్చు. జ్వరం మొదలైన 24 గంటల్లోపు పరీక్ష చేయించి మందు మొదలుపెట్టాలని డాక్టర్లు మొత్తుకునేది అందుకే.

"మలేరియా ఏజెన్సీలో కదండీ, మనకెక్కడిది" అంటారు చాలామంది. చింతూరు, రంపచోడవరం వైపుతో పోలిస్తే మన దగ్గర తక్కువే, కాదనను. కానీ అటు పెళ్ళికో పనికో పిల్లల్ని తీసుకుని వెళ్ళొస్తూనే ఉంటాం. దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి మామూలుగా 10 నుంచి 15 రోజులు పడుతుంది, అప్పటికి ఆ ప్రయాణం సంగతే మర్చిపోతాం. ఆర్‌ఎంపీ గారు అడగరు, మనం చెప్పం, వైరల్ ఫీవరని ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికొస్తాం, ఇంకో రెండు రోజులు పోతాయి. అడగకపోయినా మీరే చెప్పండి, ఫలానా ఊరు వెళ్ళొచ్చామని.

పరీక్ష పెద్ద పనేం కాదు. వేలి మీద చిన్న పోటు, కార్డు మీద ఒక చుక్క రక్తం, 15, 20 నిమిషాల్లో మలేరియా ఉందో లేదో చెప్పే గీతలు పడతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా తీసుకోరు, మందులూ అక్కడే ఇస్తారు. వైవాక్స్‌కి ప్రైమాక్విన్ 14 రోజులు వాడమంటే పూర్తిగా వాడాలి, లేకపోతే కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్ళీ లేస్తుంది. ఆ మాత్ర ఏడాదిలోపు బిడ్డలకి వేయరు, అన్నకిచ్చింది విరిచి చెల్లికి పెట్టొద్దు.

పాలు తాగకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, పిలిస్తే పలక్కుండా మగతగా ఉన్నా ఎవర్నీ అడక్కండి, 108కి ఫోన్ చేయండి. కువైట్‌లో ఉన్న అమ్మాయికి ఈరాత్రే ఒక మాట చెప్పి ఉంచండి: "బాబుకి జ్వరమొస్తే నీ ఫోన్ కోసం ఆగను, తీసుకెళ్ళిపోతాను, ఆటోకి కాస్త డబ్బు నా దగ్గర ఉంచు" అని. మన ఆశా అమ్మాయి కార్డులు తెచ్చుకుని ఆ అరుగు మీద కూర్చుంది. నిన్నగానీ మొన్నగానీ ఒళ్ళు వెచ్చబడ్డ పిల్లలుంటే, ఇప్పుడు జ్వరం లేకపోయినా సరే, ముందు అక్కడికి తీసుకెళ్ళండి.