గీతకు అటూ ఇటూ: ‘సంసారం అదు మిన్సారం’ కథ కట్టిన తీరు

హోస్ట్: నమస్కారం. ఈవారం సినిమా 1986లో ఏవీఎం తమిళంలో తీసిన ‘సంసారం అదు మిన్సారం’. రచన, దర్శకత్వం విసు. తండ్రి అమ్మైయప్ప ముదలియార్ వేషం కూడా ఆయనదే. మనవాళ్లకు ఇది 1987లో వచ్చిన తెలుగు రీమేక్ ‘సంసారం ఒక చదరంగం’గా తెలుసు. అసలు గొడవ దగ్గరికే వచ్చేద్దామండీ.

అతిథి: అక్కడికే రావాలి. అత్తవారిళ్ల కథ అనగానే ఒక గయ్యాళి అత్తో, పుల్లలు పెట్టే ఆడపడుచో కావాలనుకుంటారు. ఇందులో ఆ పాత్రే లేదు. చిచ్చు పెట్టేది ఇంటి ఖర్చు. తండ్రి పెద్దకొడుకు చిదంబరాన్ని ఇంకాస్త ఎక్కువ ఇమ్మంటాడు. రఘువరన్ వేసిన ఆ కొడుకు తలకింత చొప్పున లెక్క తీస్తాడు. భార్య పురిటికి పుట్టింటికెళ్లింది కదా, ఆవిడ వాటా ఎందుకివ్వాలంటాడు.

హోస్ట్: లెక్కలో తప్పు లేదు మరి!

అతిథి: లేదు. అందుకే తండ్రి దగ్గర జవాబు లేదు, కోపమే ఉంది. ఇంట్లోంచి పొమ్మంటాడు. ఇల్లు కట్టడానికి నేనూ డబ్బు పెట్టాను, అదిస్తే పోతానంటాడు కొడుకు. ఇంటి మధ్య గీత పడుతుంది. విసు నాటకాల నుంచి వచ్చిన మనిషి. ఆ ఒక్క గీతతో ఉన్న హాలే రెండు కాపురాలైపోయింది. ఇక ఎవరు అటు అడుగేసినా అదో సంఘటనే.

హోస్ట్: పెద్దకోడలు ఉమ, అంటే లక్ష్మి, ఆ టైంలో ఇంట్లో ఉండదు.

అతిథి: ఉండకూడదు! ఉమ ఉంటే గొడవ ఆ రాత్రే సర్దుకునేది, కథ ఆగిపోయేది. పైగా ఎవరి పక్షమూ పట్టలేదు కాబట్టే, బిడ్డతో తిరిగొచ్చాక ఆమె మాట రెండువైపులా చెల్లుతుంది. ఆమెకు తోడు పనిమనిషి కణ్ణమ్మ. మనోరమ చేసిన ఆ పాత్ర ఏ వాటాకూ చెందదు. వియ్యంకుడు ఆల్బర్ట్ ఫెర్నాండెజ్‌గా కిష్ము, ఎదురుగా మనోరమ అరుస్తున్న సీను చూడండి. నవ్వొస్తూనే కథ ముందుకెళ్తుంది. విడిగా అతికించిన కామెడీ ట్రాకు అలా పనిచేయదు.

హోస్ట్: చివర్లో అందరూ కలుస్తారనుకుంటాం...

అతిథి: కొడుకు దిగొచ్చాడు, తండ్రి మెత్తబడ్డాడు. మామూలు సినిమా అక్కడ గ్రూప్ ఫొటో తీసేస్తుంది. ఉమ మాత్రం వద్దంటుంది. వేరుగా ఉందాం, వస్తూ పోతూ ప్రేమగా ఉందాం అంటుంది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఇల్లు అదే, జీతాలు అవే. మళ్లీ కలిసి కూర్చుంటే మళ్లీ లెక్కలు బయటికొస్తాయి. సకుటుంబ వినోదానికిచ్చే జాతీయ స్వర్ణకమలం అందుకున్న తొలి తమిళ చిత్రం ఇది. అలాంటి సినిమా ఉమ్మడి కాపురాన్ని విడదీసి ముగించిందంటే సాహసమే.

హోస్ట్: ఉమ పాత్రను తెలుగులో సుహాసిని, హిందీ ‘సంసార్’లో రేఖ చేశారు. మరి రెండో కోడలు వసంత కథ కాస్త చిన్నది కదా?

అతిథి: చిన్నదే, కానీ దాటేయకండి. కొత్తగా పెళ్లైన పిల్ల. పరీక్ష తప్పుతున్న మరిదికి చదువు చెప్పే పని ఆమె మీద పడుతుంది, మొగుడితో కాసేపు మాట్లాడుకునే చోటే దొరకదు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అయినా ఆమె పుట్టింటికి వెళ్లిపోతుంది. ఆ సీన్లు వదిలేసి చూస్తే ఉమ వేరుకాపురం మాట కఠినంగా వినిపిస్తుంది.