మాడిన ఇటుక

అందరికీ శనార్తులు.

బల్ల మీద ఉన్నవి రాళ్లు కావు, ఇటుకలే. బట్టీలో మంట నోటికి దగ్గరగా ఉండి, మిగతావాటికన్నా ఎక్కువ కాలినవి. వంకర పోతాయి, నీళ్లు పీల్చవు కాబట్టి మాలు సరిగ్గా పట్టదు. అందుకే మేస్త్రీ పక్కన పడేస్తాడు, లేదంటే పగలగొట్టి పునాదిలో పోస్తాడు. ఇరవై ఏండ్లుగా నేను పాత బట్టీల జాగల్లో వీటినే ఏరుతున్నాను.

ఇటుక మామూలుగా 900 నుంచి 1000 డిగ్రీల వేడికి ఎర్రగా కాలుతుంది. ఇంకో నూరు డిగ్రీలు పెరిగితే మట్టి కరగడం మొదలుపెట్టి గాజవుతుంది. కట్టెల బూడిద పైన పడితే ఇంకా తొందరగా కరుగుతుంది. ఈ ఆకుపచ్చ మెరుపు అలా వచ్చిందే. గాలి ఆడని చోట ఇటుక నల్లబడుతుంది, లోపల పుట్టిన వాయువులు బయటికి పోలేక చిక్కితే పూరీలా ఉబ్బుతుంది. రెండింటిని తట్టి చూడండి, కంచులా మోగుతాయి. రోజంతా నీళ్లల్లో నానబెడితే మామూలు ఇటుక తన బరువులో 20 శాతం దాకా తాగినా ప్రమాణాల ప్రకారం చెల్లుతుంది. ఇవి అందులో కొద్దిపాటే తాగుతాయి.

అసలు సంగతి ఇది. మంచి ఇటుకలన్నీ బండెక్కి వెళ్లిపోతాయి. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి అనే పాత జైన గుడిలో, సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ స్తూపంలో కనిపించేవి అలా వెళ్లినవే. తమను ఎక్కడ కాల్చారో అవి చెప్పవు. మాడినవి కాల్చిన చోటే పడి ఉంటాయి. దున్నిన చెల్కలో ఇలాంటి ముక్కలు గుట్టగా తేలితే, అక్కడ ఒకప్పుడు బట్టీ ఉండేదేమోనని చూడాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఫణిగిరిలాంటి చోట్ల, పాటిదిబ్బల మీద, అంటే పాత ఊళ్లు పూడిపోయిన దిబ్బల మీద, పెంకు కూడా ముట్టుకోవద్దు. పాతకాలపు ఇటుకలా మూరెడు పొడవున్నది కనబడితే ఫొటో తీసి పురావస్తు శాఖకు చెప్పండి. ఆ మట్టిపొరల్లోంచి పెకిలిస్తే దాని వయసు చెప్పే ఆధారం పోతుంది. నేను తిరిగేది పట్టాదారు ఒప్పుకున్న మూతబడ్డ బట్టీల్లోనే.

మొదట్లో ఏ ఊరు, ఏ వాగు అని రాసుకోకుండా ముప్పై దాకా తెచ్చాను. ఇప్పటికీ బాధే. అందంగానే ఉన్నాయి, కానీ ఏ చోటివో చెప్పలేను. ఇప్పుడు ప్రతిదాని అడుగున ఊరు, పొలం, తేదీ రాస్తున్నాను.

చివర ఉన్నది మూసీ ఒడ్డున దొరికింది. అచ్చులోంచి తీసినప్పుడు పడ్డ నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. చిన్న వేళ్లు, ఆడమనిషివో పిల్లవాడివో. పైనుంచి కారిన గాజు ఆ గుంతల్లోకి దిగి గడ్డకట్టింది. ముందు వరుస నుంచి ఒకరి చేతి నుంచి ఒకరు అందుకోండి. బరువుంటుంది, రెండు చేతులతో పట్టండి.